పట్టా లేని చెట్టుకు గడి లేదు

‘కొండవాళ్ళు గట్టివాళ్ళు, ఎలాగోలా తట్టుకుంటారు’ అని మెచ్చుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మెప్పు హుద్‌హుద్ తర్వాత చాలా విన్నాం. తట్టుకుంటారని ముందే తేల్చేస్తే ఇక ఇవ్వాల్సిందేమీ ఉండదు కదా.

2014 అక్టోబరు 12, ఆదివారం, తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఎల్లుండికల్లా ప్రధాని విశాఖ వచ్చి వెయ్యి కోట్ల సాయం ప్రకటించారు. నగరం బాధ అబద్ధమని నేననను. కానీ గాలి సముద్రం ఒడ్డునే ఆగలేదు. ఘాటీ ఎక్కి అరకు, అనంతగిరి కాఫీ తోటల మీద పడింది.

కాఫీకి నీడ కావాలి. మా వైపు ఆ నీడ సిల్వర్ ఓక్ చెట్లది. మిరియం తీగ పాకేదీ వాటి మీదే. మాను కూలితే నీడ పోయింది, తీగ పోయింది, కిందున్న కాఫీ మొక్క నలిగిపోయింది. నలగనిది ఎండకు మాడింది. పండు కోతకు నెల రోజులుందనగా ఇదంతా. మళ్ళీ నాటితే కాపుకు మూడు నాలుగేళ్ళు. నీడచెట్టు ఎదగడానికి ఇంకా ఎక్కువ.

ఆ రాత్రి పెంకులు లేచిపోతుంటే అమ్మ విత్తనాల సొరబుర్రలు ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంది. తెల్లారి అయ్య తోటకెళ్ళి పొద్దుగూకితే గాని రాలేదు. ఎన్ని పడ్డాయని అడిగాను. ‘ఎన్ని నిలబడ్డాయో అడుగు’ అన్నాడు. తర్వాత చాలా రోజులు ఆయన ఆ తోట మాటెత్తలేదు.

నష్టం రాసుకోవడానికి వచ్చినాయన ముందు పట్టా అడిగాడు. తాత కొట్టిన పోడు అది. పట్టాకు పెట్టిన దరఖాస్తు అప్పటికి ఏ బల్ల మీదుందో! ‘ఇల్లు పాక్షికం’ అని రాసి అమ్మ వేలిముద్ర తీసుకుని వెళ్ళాడు. ఆయన చెడ్డవాడు కాదు, మా ఇంట్లో అంబలి తాగాడు. ఆయన చేతిలోని కాగితంలో పట్టా లేనివాడి చెట్టుకు గడి లేదు, అంతే. తమ్ముడి చదువుకు మాత్రం గడి ఉందా? ఇంటర్ మధ్యలో వదిలి చెన్నైలో సిమెంటు మొయ్యడానికి పోయాడు. కొత్త మొక్కలు కాపుకొచ్చిన ఏడు పండు కొయ్యడానికి వాడు ఇంట్లో లేడు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. తుఫాను నష్టం గ్రామసభలో రాయండి. 1996 పెసా చట్టం గ్రామసభను గుర్తించింది. అడవి భూమి మీద ఎవరికి హక్కుందో తేల్చే పని అక్కడే మొదలవ్వాలని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. భూమి సంగతి చెప్పగల సభకు, కూలిన మాను ఎవరిదో చెప్పడం రాదా? ఎక్కువ రాయించుకుంటారని కొందరి భయం. లేని చెట్టును ఉందని చెప్పి ఊరందరి ముందు నిలబడగలిగేవాడు మా ఊళ్ళో ఎవడూ లేడు. ఏ పనస ఎవరి తాత నాటాడో పశువులు కాసే పిల్లలకు కూడా తెలుసు.

అయ్య విరిగిన మోళ్ళను తవ్వనివ్వలేదు. ఎవరైనా మళ్ళీ రాసుకోవడానికి వస్తే చూపించాలట. కుళ్ళినవి పోగా నాలుగైదు ఇంకా ఉన్నాయి.