లెక్కకెక్కనివాళ్లు లేనట్టేనా?

సమాచారం ఎంత పోగైతే పాలన అంత బాగుపడుతుందన్న నమ్మకం ఇప్పుడు ఎదురులేకుండా చెలామణి అవుతోంది. నగరాల ట్రాఫిక్, దుకాణాల సరుకు, ఆసుపత్రుల రోగులు, అన్నింటికీ బిగ్ డేటాయే మందని పెద్దలూ కంపెనీలూ చెబుతున్నారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో మయన్మార్‌లోని ట్వంటేకు వెళ్తే తెలుస్తుంది.

యాంగాన్ నదికి అవతల, బ్రిటిష్‌వాళ్లు తవ్వించిన కాలువ ఒడ్డున ఉన్న ఊరది. కుండలకు ప్రసిద్ధి. ఒకరు చక్రం తిప్పుతుంటే మరొకరు మట్టిని పైకి లాగి కడుపు తీస్తారు, అంచు తీరుస్తారు. ఆరబెట్టి, ఆవంలో కాల్చి అమ్మకానికి పంపుతారు. ఆ కుండకు బార్‌కోడ్ లేదు. పెద్ద దుకాణాల బిల్లులనే చదివే కంప్యూటర్‌కు ఈ వ్యాపారం కనిపించదు. కనిపించలేదు కాబట్టి గిరాకీ లేదని తేలిస్తే కుమ్మరికి అప్పు పుట్టదు.

వైద్యం సంగతి ఇంకా ఘోరం. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక మయన్మార్‌లో వేలాది ప్రభుత్వ వైద్య సిబ్బంది విధులు బహిష్కరించారు. అలాంటి ఏడాది ఆసుపత్రి రిజిస్టర్‌లో పేర్లు తగ్గితే జబ్బులు తగ్గాయని చదవాలా? మార్చిలో మొబైల్ ఇంటర్నెట్‌నూ ఆపేశారు. ఫోన్ల కదలికలతో జనం ఎటు వెళ్తున్నారో చెప్పే విద్య ఆ రోజుల్లో ఎవరికి పనికొచ్చింది?

2024 జనగణన చూడండి. ప్రకటించిన జనాభా 5 కోట్ల 13 లక్షలు. అందులో సుమారు 1 కోటి 91 లక్షల మందిని ఎవరూ లెక్కించలేదు, అంచనా వేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవను అమల్లోకి తెచ్చారు. వయసొచ్చిన కొడుకున్న తల్లి, గుమ్మంలో నిలబడి పేరూ వయసూ అడిగే అధికారికి నిజం ఎలా చెబుతుంది? భయపడే జనం దగ్గర సేకరించిన లెక్క ఎంత పెద్దదైనా తప్పుడు లెక్కే.

అది సైనిక పాలన పాపం, డేటా తప్పు కాదని వాదిస్తారు. మరి మన తెలంగాణలో ఎన్నికైన ప్రభుత్వమే కదా! అనేక శాఖల రికార్డులను కలిపి చూసే ‘సమగ్ర వేదిక’ వచ్చింది. కారే లేని పేదవాడిని పేరు పోలికతో కారు యజమానిగా చూపించి, ఆ ఇంటికి రేషన్ దక్కకుండా చేసిన ఉదంతం బయటపడింది. ఇంటింటికీ వెళ్లి విచారించకుండా కంప్యూటర్ ఆధారంగా దాదాపు 19 లక్షల కార్డులు రద్దు చేశారన్న కేసు సుప్రీంకోర్టుకు చేరింది. వాటిని మళ్లీ పరిశీలించమని కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించాల్సి వచ్చింది. తప్పులు కొద్ది శాతమే అనేవాళ్లు, ఆ శాతంలో పడ్డ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చూసి మాట్లాడాలి. యంత్రం ఆరోపిస్తే చాలు, నిర్దోషినని రుజువు చేసుకునే భారం కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి మీద పడుతోంది. నా అభ్యంతరమంతా దీని మీదే.

కార్డు మీద అనుమానం వస్తే ముందు మనిషి వెళ్లి ఇంట్లో అడగాలి. తేలేదాకా బియ్యం ఆపకూడదు. తీసేస్తే కారణం తెలుగులో రాసి చేతికివ్వాలి. దీన్ని చట్టంలో పెట్టమని మీ ఎమ్మెల్యేను నిలదీసి అడగండి.