బాలింత దిగులు పుట్టింటితో తీరదు

పుట్టింట్లో మూడు నెలలుంటే బాలింత దిగులు అదే సర్దుకుంటుందని మీ ఆదివారం వ్యాసకర్త రాశారు. కాన్పైన కొత్తలో వచ్చే ఏడుపు, చిరాకు చాలామందికి రెండు వారాల్లో తగ్గుతాయి, నిజమే. అంతకు మించి సాగితే అది వైద్యం కావలసిన జబ్బు.

మా వీధిలో ఒక పిల్ల పుట్టింట్లోనే ఉంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా, రవిక పాలతో తడిసిపోతున్నా గోడకేసి చూస్తూ కూర్చునేది. వాళ్లమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లలేదు. అలాంటి ఇళ్లలో పత్రిక మాటకు విలువుంటుంది.

కనీసం 14416 నంబరైనా వేయాల్సింది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది. ఫోను ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. పాలిచ్చే తల్లికి మందులే పడవన్న భయమూ తప్పు. సరిపడేవి డాక్టరు చూసి రాస్తారు. దయచేసి సవరణ వేయండి.

— ఒక పాఠకురాలు, నర్సీపట్నం