ఏది క్రిస్మస్ సినిమా?

కిందటి డిసెంబరులో మన సంఘం కుటుంబ సాయంకాలానికి ఏ సినిమా వెయ్యాలన్న విషయం మీద కార్యవర్గంలో గంటన్నర చర్చ జరిగింది. జమాఖర్చుల మీద కూడా మేము ఎన్నడూ అంతసేపు మాట్లాడుకోలేదు.

సంక్రాంతికీ, ఉగాదికీ, వినాయక చవితికీ హాల్లో ఏదో ఒక సినిమా వేసుకోవడం మనకు అలవాటే. క్రిస్మస్‌కు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెయ్యలేదు. మన సభ్యుల్లో క్రైస్తవ కుటుంబాలు పదకొండు ఉన్నాయి. వారు మన ఉగాది పచ్చడి తింటారు, ముగ్గుల పోటీలో బహుమతులు కూడా పట్టుకుపోతారు. "మా పండక్కీ ఒక సాయంత్రం ఇవ్వండి" అని వాళ్ళు ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకుంది. అందుకని నేనే ప్రతిపాదించాను. ప్రతిపాదించినవాడి నెత్తినే పని పడుతుందన్నది సంఘాల్లో పాత సూత్రం. "అయితే మంచి క్రిస్మస్ సినిమా ఏదో మీరే ఎంచి చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. అందరూ తలలూపి టీ తాగారు.

ఇంటికొచ్చి మనవణ్ణి అడిగాను. వాడు తల కూడా ఎత్తకుండా "డై హార్డ్" అన్నాడు.

చూడనివారి కోసం రెండు ముక్కల్లో కథ చెబుతాను. న్యూయార్కు పోలీసు ఒకడు క్రిస్మస్ ముందురోజు భార్యను చూడడానికి లాస్ ఏంజెలెస్ వస్తాడు. ఆమె ఆఫీసు ఉన్న ఆకాశహర్మ్యంలో పండగ విందు జరుగుతుంటే దొంగల ముఠా తుపాకులతో దిగుతుంది. ఇతగాడు చెప్పులైనా లేకుండా గాజుపెంకుల మీద పరిగెత్తుతూ ఒక్కొక్కణ్ణీ మట్టుబెడతాడు. ఇది క్రిస్మస్ సినిమా అవునా, కాదా అని అమెరికాలో ఏటేటా వాదించుకుంటారట. సినిమా విడుదలైంది 1988 జులైలో, మండువేసవిలో. కథానాయకుడు బ్రూస్ విల్లిస్ 2018లో ఒక వేదిక మీద ఇది క్రిస్మస్ సినిమా కాదని తేల్చేశాడు. స్క్రిప్టు రాసినవారిలో ఒకరైన స్టీవెన్ డిసౌజా అవునంటాడు. రాసినవాడికీ, నటించినవాడికీ కుదరని లెక్క మన కార్యవర్గానికి కుదురుతుందా?

అయినా ప్రయత్నించాను. కాగితం మీద మూడు గీటురాళ్ళు రాసుకున్నాను.

మొదటిది, కథ క్రిస్మస్ రోజున జరగాలి. ఈ లెక్కన డై హార్డ్ అర్హత పొందుతుంది. కాని గోడమీది క్యాలెండరులో తేదీ ఉన్నంత మాత్రాన పండగ వస్తుందా? మన సినిమాల్లో ఒక పాటలో భోగిమంట కనిపిస్తే అది సంక్రాంతి సినిమా అయిపోతుందా?

రెండోది, పండక్కి విడుదల కావాలి. మన తెలుగువాళ్ళం ఎక్కువగా నమ్మేది దీన్నే. 1977 జనవరి 14న ‘దానవీరశూర కర్ణ’, ‘కురుక్షేత్రం’ ఒకే రోజున వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నది భారతయుద్ధమే గాని కొత్తబియ్యం పొంగలి కాదు. అయినా ఆ సంక్రాంతి చూసినవాళ్ళకి అవి పండగ సినిమాలే. తమిళనాడులో ఉన్న మనవాళ్ళకి దీపావళి విడుదలల సంగతి నేను చెప్పనక్కరలేదు. తలంటు, కొత్తబట్ట, మార్నింగ్ షో, ఇదీ వరస. ఇక 2005లో వెంకటేష్ నటించిన ‘సంక్రాంతి’ పండగ వెళ్ళిపోయాక ఫిబ్రవరిలో వచ్చింది. అదే వెంకటేష్ నటించిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ 2025లో మాట తప్పకుండా జనవరి 14నే వచ్చింది.

అమెరికాలో ఈ గీటురాయి అస్సలు పనిచెయ్యదు. ‘మిరకిల్ ఆన్ థర్టీఫోర్త్ స్ట్రీట్’ అని ఒక పాత చిత్రం ఉంది. దుకాణంలో క్రిస్మస్ తాతగా కూర్చున్న ముసలాయన తానే అసలు తాతనంటాడు, వ్యవహారం కోర్టుకెక్కుతుంది. ఇంతకంటే క్రిస్మస్ కథ ఇంకేముంటుంది? దాన్ని విడుదల చేసింది 1947 వేసవిలో. వేసవిలో జనం సినిమాలు ఎక్కువ చూస్తారని స్టూడియో అధిపతి లెక్క. అందుకని ప్రకటనల్లో క్రిస్మస్ ఊసే రాకుండా జాగ్రత్తపడ్డారు.

మూడోది, కథలో పండగ సారం ఉండాలి. మనసు మారడం, ఇల్లు చేరడం, లేనివాడికి పెట్టడం వగైరా. వినడానికి బాగానే ఉంది. కాని ఇవి లేని సంసారపక్షపు తెలుగు సినిమా ఒకటి చూపించండి!

మూడు గీటురాళ్ళూ అరిగిపోయాక, అమెరికావాళ్ళు ఏటా చూసే ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ దగ్గరికి వచ్చాను. ఫ్రాంక్ కాప్రా తీసిన చిత్రం, 1946. జార్జి బెయిలీ అనే యువకుడికి ఊరు దాటి లోకమంతా చూడాలని ఆశ. తండ్రి పోవడంతో ఆయన నడిపిన ఇళ్ళ అప్పుల సొసైటీ భారం మీద పడి, సూట్‌కేసు సర్దుకున్నవాడు సర్దుకున్నట్టే ఆగిపోతాడు. ఏళ్ళు గడిచాక ఒక క్రిస్మస్ ముందురోజున బాబాయి చేతిలోంచి సొసైటీ సొమ్ము ఎనిమిది వేల డాలర్లు పోతాయి. జార్జి చావడానికి వంతెన మీదికి పోతే, దేవదూత ఒకడు వచ్చి, అతను పుట్టకపోయి ఉంటే ఆ ఊరు ఎలా ఉండేదో చూపిస్తాడు. చివరికి ఊరివాళ్ళంతా తలా కాస్త పట్టుకొచ్చి బల్లమీద పోస్తారు. ఊళ్ళు వదిలి వచ్చిన మనలాంటివాళ్ళకి, వదల్లేకపోయిన ఆ మనిషి కథ మరో రకంగా తగులుతుంది. మనం వచ్చేశాక అక్కడ ఉండిపోయిన అన్నయ్యో, బాబాయో గుర్తుకొస్తారు.

అందులో క్రిస్మస్ ఉన్నది ముఖ్యంగా ఆ చివరి రాత్రే. చిత్రీకరణ జరిగింది ఎండాకాలంలో. అంతవరకు సినిమాల్లో మంచు కావాలంటే అటుకుల్లాంటి కార్న్‌ఫ్లేక్స్‌కు తెల్లరంగు వేసి చల్లేవారు. అడుగేస్తే కరకరమని మాటలు వినపడేవి కావు. ఈ చిత్రానికి మంటలార్పే నురగలో సబ్బు కలిపి మంచు తయారుచేశారు. ఆ పనితనానికి అకాడమీ సాంకేతిక గుర్తింపు దక్కింది. చిత్రానికి మాత్రం మొదటి విడుదలలో పెట్టుబడి కూడా తిరిగి రాలేదు.

మరి ఇది పండగ సినిమా ఎలా అయింది? అక్కడే ఉంది తమాషా. అప్పటి అమెరికా చట్టం ప్రకారం హక్కులు ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత మళ్ళీ నమోదు చేయించుకోవాలి. 1974లో ఎవరూ ఆ పని చెయ్యలేదు. దాంతో టీవీ స్టేషన్లు డబ్బు కట్టకుండా వేసుకోవడం మొదలుపెట్టాయి. పండగ రోజుల్లో ఊరికే దొరికిన సినిమా కదా! 1990లలో హక్కులు మళ్ళీ ఒకరి చేతికి వచ్చేసరికి ఒక తరం పిల్లలు దాన్ని చూస్తూ పెరిగిపోయారు. పండగ సినిమా చేసింది దర్శకుడు కాదు. ఏటా అదే గదిలో, అదే మనుషులతో కూర్చుని చూసిన జనం.

ఇంతదూరం వచ్చాక నాకు బుద్ధి వచ్చింది. క్రిస్మస్ సినిమా ఏదని మనవణ్ణీ, పుస్తకాల్నీ అడిగాను గాని, పండగ చేసుకునేవాళ్ళను అడగలేదు. మర్నాడు రెండు వీధుల అవతల ఉండే రిటైరైన టీచరుగారింటికి వెళ్ళాను. ‘కరుణామయుడు’ అంటారనుకున్నాను. 1978లో వచ్చిన ఆ చిత్రంలో విజయచందర్ క్రీస్తు వేషం తెలుగు లోకానికంతా తెలిసిందే.

"అది చూస్తే కన్నీళ్ళాగవు అన్నయ్యగారూ. మేము గుడ్‌ఫ్రైడేకి చూస్తాం. అది సిలువ దాకా పోయే కథ. క్రిస్మస్‌కి మా ఇంట్లో ‘మిస్సమ్మ’" అన్నారావిడ.

నాకు నవ్వొచ్చింది. ‘మిస్సమ్మ’ 1955 జనవరిలో, సంక్రాంతి ముందు వచ్చిన సినిమా. కథకీ క్రిస్మస్‌కీ సంబంధం లేదు. అప్పు తీర్చుకోవడానికి ఉద్యోగం కావలసిన మేరీ, ఒక నిరుద్యోగితో కలిసి భార్యాభర్తలమని అబద్ధమాడి పల్లెటూరి బడిలో చేరుతుంది. నా గీటురాళ్ళలో ఒక్కదానికీ నిలవదు.

"మా అమ్మ ఇక్కడ రైల్వే ఆస్పత్రిలో నర్సు. క్రిస్మస్ మధ్యాహ్నం భోజనాలయ్యాక కేసెట్టు అద్దెకు తెచ్చి అదే పెట్టించేది. అందులో పిల్ల పేరు మేరీ. చీర కట్టుకుంటుంది, చక్కని తెలుగు మాట్లాడుతుంది, పాఠాలు చెబుతుంది, మేరీమాతకు పాట పాడుతుంది. మేము ఈ ఊరొచ్చిన కొత్తలో క్రైస్తవులంటే తెలుగువాళ్ళు కారనుకునేవారు. మన తెలుగువాళ్ళు కూడా ‘మీరు తెలుగువాళ్ళేనా’ అని అడిగేవారు. అమ్మకి ఆ సినిమా ఒక సాక్ష్యంలా ఉండేది" అన్నారు.

నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మొదటిసారి మన సంఘానికి వచ్చినప్పుడు, పేరు చూసి సరిగ్గా ఆ ప్రశ్నే అడిగింది నేను. ఆవిడకి గుర్తుందో లేదో. నాకు అప్పుడే గుర్తొచ్చింది.

"చివర్లో మేరీ తప్పిపోయిన హిందువుల పిల్ల మహాలక్ష్మి అని తేలుతుంది కదండీ" అన్నాను నెమ్మదిగా.

"అవును. ఆ ఘట్టం రాగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టేది. ముప్ఫయ్యేళ్ళు చూసింది గాని చివరి రీలు ఒక్కసారీ చూడలేదు" అని నవ్వారు.

డిసెంబరు నాలుగో ఆదివారం మన హాల్లో ‘మిస్సమ్మ’ వేశాం. పదకొండు కుటుంబాలూ వచ్చాయి, మిగిలినవాళ్ళం అంతకు నాలుగింతలు వచ్చాం. గులాబీ పువ్వులు, కేకు వాళ్ళు తెచ్చారు, అరిసెలు మనవి. మేరీమాత పాట వచ్చినప్పుడు వెనక వరసలో ముగ్గురు నలుగురు గొంతు కలిపారు. చివరి ఘట్టం రాగానే టీచరుగారు లేచి వంటగదిలోకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళి, అక్కడున్న పెద్ద గిన్నె దించి ఇచ్చాను. ఇద్దరం కలిసి ఎనభై మందికి టీ పెట్టాం. నేనూ ఈసారి చివరి రీలు చూడలేదు.

ఈ డిసెంబరుకీ ఒక సాయంత్రం ఖాయమైంది. సినిమా మాత్రం ఇకనుంచి ఆ పదకొండు ఇళ్ళవాళ్ళే ఎంచుతారని తీర్మానం రాశాం. డై హార్డ్ కోసం మా మనవడు పెట్టుకున్న అర్జీ వారి పరిశీలనలో ఉంది.

పాఠక మిత్రులారా, మీ ఇంట్లో పండక్కి తప్పకుండా చూసే సినిమా ఏది? బరంపురం నుంచైనా, షోలాపూరు నుంచైనా, యానాం నుంచైనా నాలుగు వాక్యాలు రాసి పంపండి. పండక్కీ దానికీ సంబంధం లేకపోయినా ఫరవాలేదు. అలాంటివే ముందు వేసుకుందాం.