పాత ఫోను అమ్మకేనా?

మన ఇళ్లల్లో ఫోన్లకి ఒక వరస ఉంటుంది, గమనించారా? కొత్త ఫోను ముందు ఆయనకి వస్తుంది. ఆయన పాతది అబ్బాయికి వెళుతుంది. అబ్బాయి మారాం చేసి ఇంకో కొత్తది కొనిపించుకున్నాక, వాడు వదిలేసింది అమ్మ చేతికొస్తుంది. అప్పటికి దాని అద్దం పగిలి ఉంటుంది, ఛార్జింగు మధ్యాహ్నానికే అయిపోతుంది. "ఇంట్లోనే ఉంటావుగా, నీకు పెద్ద ఫోనెందుకు?" అంటారు. "నాకేం పనిలే, మాటలు వినపడితే చాలు" అని మనలో చాలామంది దాంతోనే సర్దుకుపోతారు.

ఈ వరస మారాలని నా అభిప్రాయం. ఫోనో కంప్యూటరో కొనేటప్పుడు ఇంట్లో ఎవరు పెద్ద, ఎవరు సంపాదిస్తున్నారు అని కాదు, ఏ పని ఎవరి చేతిమీదుగా జరుగుతోంది అని చూడాలి. ఆ లెక్కన చూస్తే అమ్మకి నమ్మకమైన ఫోను ఉండాలి. పిల్లలకి సొంత ఫోన్లకంటే ముందు ఇంటిల్లిపాదికీ కలిపి ఒక కంప్యూటరు ఉండాలి.

మా చెరుకుపల్లి లాంటి ఊళ్లో ఒక గృహిణి ఫోనుకి రోజూ ఏమేం వస్తాయో ఒక కాగితం మీద రాసి చూడండి. పిల్లాడి స్కూలు గ్రూపులో మెసేజీలు. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయికి చెప్పాల్సిన ఓటీపీ. పొదుపు సంఘం వాయిదా కబురు. తెనాలిలో చేయించిన అత్తయ్యగారి రక్తపరీక్ష రిపోర్టు. ఆదివారం హాస్టల్ నుంచి పిల్ల చేసే ఫోను. ఆ ఫోను ఒక్కసారి ఎత్తకపోతే మళ్లీ వారం దాకా ఆ గొంతు వినపడదు. వీటన్నిటికీ తోడు డబ్బు సంగతి ఉంది. 2020 జనవరిలో అమ్మఒడి మొదలైంది, 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, డబ్బు మాత్రం తల్లి ఖాతాలోనే పడుతోంది. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలే వాట్సాప్‌లోకి వచ్చేశాయి. ఇంత పని జరిగే ఫోను ఇంట్లో అన్నిటికంటే పాతది కావడం ఎంతవరకు సబబు?

పాత ఫోనుతో ఉన్న ఇబ్బంది నెమ్మదిగా పనిచేయడం ఒక్కటే కాదు. ఫోను కంపెనీలు కొన్నేళ్ల పాటే భద్రతా అప్‌డేట్లు పంపిస్తాయి. కొత్తగా బయటపడే లోపాలని ఎప్పటికప్పుడు పూడ్చేవి అవే. ఆ గడువు దాటాక ఫోను మోగుతుంది, పాటలు పాడుతుంది, కానీ గడియ ఊడిన తలుపులా ఉంటుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ తలుపున్న గదిలోకే. పొదుపు డబ్బు దాచుకునే పెట్టెకి పాడైన తాళం వేస్తామా?

ఇది మన ఊరి సంగతి మాత్రమే అనుకోకండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లని, మీరు స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉందా అని అడిగారు. దేశం మొత్తమ్మీద నూటికి 54 మంది ఉందన్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 49 మందే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడారా అని అడిగితే మన రాష్ట్రంలో మగవాళ్లలో నూటికి 49 మంది వాడామన్నారు, ఆడవాళ్లలో 21 మంది. ఈ ఐదారేళ్లలో చాలా మారి ఉంటుంది, నిజమే. కానీ ఏ మెట్టు దగ్గర బయల్దేరామో ఆ అంకెలు చెబుతున్నాయి. ఇంట్లో ఫోను ఉండటం వేరు, మన చేతిలో మనది అంటూ ఉండటం వేరు.

ఈ మాట మా ఇంట్లో అన్నప్పుడు మా వారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "ఎరువుల కొట్టుకి డబ్బు పంపేది నేను, ధాన్యం బేరం మాట్లాడేది నేను. పొలంలో ఎండలో నిలబడి చూడాలంటే తెర బాగుండాలి. మంచి ఫోను నాకు కావాలా, నీకు కావాలా?" అన్నారు. ఆయనకీ కావాలి, అందులో సందేహం లేదు. నేనన్నది ఒకటే. "మీకు కొనొద్దని కాదండీ. పాతికవేల ఫోను ఒకటి కొనే బదులు పన్నెండు, పదమూడు వేలవి రెండు కొందాం." ఆయన కాసేపు లెక్క వేసుకుని సరేనన్నారు. చాలా ఇళ్లల్లో గొడవ డబ్బు దగ్గర కాదు, ఆ లెక్క ఎవరూ వేయకపోవడం దగ్గరే.

ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. మా వీధి చివర నాకు వరసకి అక్కయ్య అయ్యే ఒకావిడ ఉంది. వాళ్లాయన ఒకరోజు పొలం నుంచి వచ్చి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. కౌలు డబ్బు ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర ఎంత రావాలి, ఇన్సూరెన్సు ఏ కంపెనీలో కట్టారు, అన్నీ ఆయన ఫోనులో ఉన్నాయి. ఆ ఫోను తాళం గీత ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. పదకొండో రోజు కాకముందే వాళ్ల తమ్ముడు ఆ ఫోను పట్టుకుని తెనాలి వెళ్లాడు. తాళం తీస్తే లోపలున్నదంతా చెరిగిపోతుందన్నారు. ఆవిడ ఖాతాకి ఉన్న నంబరు కూడా ఆయనదే. ఇరవై రెండేళ్లు కాపురం నడిపిన మనిషి, బ్యాంకు గుమ్మం ముందు ఎనిమిది నెలలు కాగితాలు పట్టుకుని నిలబడింది. ఆవిడ చేతిలో అప్పుడున్నది మాట్లాడుకోడానికి మాత్రమే పనికొచ్చే ఫోను.

అందుకే అంటున్నాను, అమ్మకి మంచి ఫోను ఇవ్వడం ముచ్చట తీర్చడం కాదు. రేపు ఏదైనా జరిగితే ఇల్లు ఆగిపోకుండా చూసుకోవడం. మన ఖాతాకి మన నంబరే ఉండాలి. ఆయన ఫోను తాళం మనకి, మన ఫోను తాళం ఆయనకి తెలియాలి. నోటితో చెప్పుకోవడం మొహమాటమైతే ఒక కవరులో రాసి, బీరువాలో పట్టాదారు పుస్తకం పక్కన పెట్టుకోవచ్చు.

ఇక పిల్లల సంగతి. 2020లో బడులు మూతపడినప్పుడు ఫోను లేని ఇంట్లో పాఠం లేదన్న భయం అందరికీ పట్టుకుంది. ఆ భయంతో కొన్న ఫోన్లు బడులు తెరిచాక కూడా పిల్లల చేతుల్లోనే ఉండిపోయాయి. తర్వాత 2022 డిసెంబరు 21న మన బాపట్ల జిల్లాలోనే, చుండూరు మండలం యడ్లపల్లిలో, ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి టాబ్‌లు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ ఏడు రాష్ట్రం మొత్తమ్మీద పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకి పైగా ఇచ్చారు. పాఠం మళ్లీ మళ్లీ చూసుకోడానికి టాబ్ పనికొస్తుంది, కాదనను. కానీ టాబ్‌ గానీ ఫోను గానీ ముఖ్యంగా చూడటానికి చేసిన వస్తువులు. రాయడం, లెక్కల పట్టిక వేయడం, తప్పు దిద్దుకోవడం, తను చేసింది దాచుకోవడం, ఇవి కంప్యూటరు ముందు కూర్చుంటేనే చేతికొస్తాయి.

ఇంకో సంగతి చాలామంది తల్లులకి పరీక్ష దగ్గరపడే దాకా తట్టదు. మన ఎంసెట్ 2017లోనే కాగితం మీద నుంచి కంప్యూటరు మీదికి మారింది. ఇప్పుడు దాన్నే ఈఏపీసెట్ అంటున్నాం. 3 గంటల్లో 160 ప్రశ్నలు, ప్రతి జవాబూ మౌసుతో నొక్కాలి. జేఈఈ మెయిన్ కూడా 2019 నుంచి కంప్యూటరు మీదే. రెండేళ్లు కష్టపడి చదివిన పిల్ల, పరీక్ష హాల్లో మౌసు ఎటు కదిపితే బాణం ఎటు పోతోందో చూసుకుంటూ కూర్చుంటే ఎలా? కాలేజీలో మాక్ పరీక్షలు పెడతారు, సరే. కానీ ఇంట్లో చెయ్యి అలవాటైన పిల్ల ధైర్యమే వేరు. పదిహేను వేల ఫోనులో ఈ అలవాటు రాదు.

ఇక్కడే ఆడపిల్ల, మగపిల్లాడు అనే తేడా కూడా వస్తుంది. పది పాసైతే అబ్బాయికి ఫోను బహుమతి. అమ్మాయికి మాత్రం "ఇంజినీరింగులో సీటొచ్చాక చూద్దాం" అంటాం. ఆడపిల్ల చేతిలో ఫోనుంటే ఎవరేమంటారో, ఎవరు మెసేజీలు పెడతారో అని భయం. ఆ భయం ఉత్తుత్తిదని నేను అనను. కానీ భయానికి మందు పిల్లని వెనక కూర్చోబెట్టడం కాదు. హాల్లో, అందరూ తిరిగే చోట, గోడవైపు కాకుండా మనవైపు తెర కనిపించేలా ఒక కంప్యూటరు పెడితే ఆ భయం సగం తగ్గుతుంది. అక్కకీ తమ్ముడికీ ఒకటే నియమం, ఒకటే సమయం. సొంత ఫోను ఇద్దరికీ ఒకే వయసులో. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టమే అమలుచేస్తున్నారు. అక్కడి నియమంలో అమ్మాయికొకటి, అబ్బాయికొకటి అని లేదు.

"కంప్యూటరంటే యాభైవేలు కదమ్మా" అంటారు. చదువుకునే పిల్లలకి కొత్తదే కావాలని లేదు. ఆఫీసుల్లో వాడి, బాగుచేసి అమ్మే ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. మేము ఇరవైవేల లోపులోనే తీసుకున్నాం. కాకపోతే నాలుగు ప్రశ్నలు అడగకుండా డబ్బు తీయకూడదు. విండోస్ 11 పడుతుందా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఇది ముఖ్యం. ఇంటెల్‌దైతే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. ర్యామ్ 8 జీబీ ఉందా? లోపల ఎస్‌ఎస్‌డీ ఉందా, పాతకాలం హార్డ్‌డిస్కా? బ్యాటరీ ఎంతసేపు వస్తుందో మన ముందు చూపిస్తారా? చూపించడానికి సణిగే కొట్టు నుంచి లేచి వచ్చేయండి. తెనాలిలో కొట్లకి కొదవా?

ఫోనుకైతే మొదటి ప్రశ్న కెమెరా గురించి కాదు. "భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?" అని అడగండి. గూగుల్ 2023లో, శాంసంగ్ 2024లో తమ ఖరీదైన ఫోన్లకి ఏడేళ్లని మాట ఇచ్చాయి. చవక ఫోన్లలో అన్నేళ్లు రాకపోవచ్చు, కానీ మూడేళ్ల ఫోనుకీ ఐదేళ్ల ఫోనుకీ ధరలో తేడా ఒక్కోసారి వెయ్యి, రెండువేలే ఉంటుంది. ఆ వెయ్యి కెమెరా మీద కాకుండా అక్కడ పెట్టండి. వాయిదాల మీద కొంటుంటే, "వడ్డీ లేదమ్మా" అన్న మాట విని సంతకం పెట్టకండి. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులకి చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారు, ఈ రెండూ అడిగితే ఆ వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

పెద్దవాళ్లని మరిచిపోకూడదు. మా అత్తయ్యగారికి కావల్సింది పెద్ద అక్షరాలు, గట్టిగా మోగే గంట, భక్తి పాటలు. బ్యాంకు ఆప్‌లు ఆ ఫోనులో పెట్టలేదు. పోలీసులమని చెప్పి వీడియోకాల్‌లో బెదిరించే "డిజిటల్ అరెస్టు" దొంగల గురించి కూర్చోబెట్టి చెప్పాం. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆ నంబరు ఒక చీటీ మీద రాసి ఫోను వెనక అతికించాం.

ఈ రాత్రి పని తెమిలాక మీ బ్యాంకు పుస్తకం ఒకసారి తీయండి. ఆ ఖాతాకి జతచేసిన నంబరు ఎవరిదో, ఆ నంబరున్న ఫోను ఇప్పుడు ఎవరి జేబులో ఉందో చూడండి. మీది కాకపోతే ముందు ఆ పని చక్కబెట్టుకోండి. ఈసారి ఇంట్లోకి కొత్త ఫోను వచ్చే మాట లేచినప్పుడు, పాతది నాకివ్వండి అని మాత్రం మీరు ముందుగా అనకండి.