మా లేఖల సంచి: సరకుల విమానమున కొలువు

నీరు పల్లమెరుగునని పెద్దల మాట. మర్కూకు గ్రామమువారు మాత్రము నీరు మిట్టకెక్కుటను కన్నులార చూచిరి. గోదావరి జలమును యంత్రములతో మెట్టుమెట్టుగా ఎత్తి, 2020 మే 29వ తేదీన ఆ యూరి చెంతనున్న కొండపోచమ్మ జలాశయమున విడిచిరి. ఆ గ్రామమునుండియే ఈ మాసము మాకొక లేఖ వచ్చినది. వ్రాసినామె గృహిణి. పేరు ప్రకటింపవలదని కోరినందున ప్రకటింపము. లేఖ సారాంశమిది.

“మా పెద్దమ్మాయి విమానము నడుపుట నేర్చి లైసెన్సు పొందినది. ఆ చదువునకై భూమి తాకట్టు పెట్టి అప్పు తెచ్చితిమి. లైసెన్సు వచ్చి పదునెనిమిది నెలలైనను ఉద్యోగము రాలేదు. ఇప్పుడు సరకులు మాత్రమే మోసెడు ఒక చిన్న విమాన సంస్థవారు పరీక్షకు రమ్మని వ్రాసిరి. పని తరచుగా రాత్రివేళనట. మా అత్తగారు ‘గింత సదువు సదివి రాత్రిపూట మూటలు మోసుడా?’ అని కంట నీరు పెట్టుకొనుచున్నారు. మా వారు ఏమియు పలుకరు. పిల్ల నా మొగము చూచుచున్నది. నేనేమి చెప్పవలెను?”

సోదరీ! ముందుగా మీ అత్తగారి మాటకే సమాధానము చెప్పుదుము. ఆమె కన్నీరు ప్రేమవలన వచ్చినదే. కాని మూట మోయుట విమానమునకు చిన్నతనము కాదు. మన దేశమున విమానము తొలినాళ్ళలో పేరు తెచ్చుకొన్నది టపా సంచిని మోసియే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి యమునకు ఆవలనున్న నైనీకి ఒక విమానము సుమారు 6,500 ఉత్తరములను చేరవేసెను. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి నడిపిన విమానమున ఉన్నదియు టపాయే. 1949లో రాత్రి టపా సర్వీసు ఆరంభమైనప్పుడు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరముల విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి మరలిపోవుచుండెడివి. ఊరు నిద్రించుచుండగా మేల్కొని పనిచేసినవారి చలువవలననే నాడు ఉత్తరము మరునాడే చేతికందెను. నేడు మందులు, యంత్రభాగములు, దుకాణపు సరకులు అట్లే అందుచున్నవి.

ఇక మీ అమ్మాయి పదునెనిమిది నెలల నిరీక్షణ సంగతి. లైసెన్సు ఒక ద్వారము, ఉద్యోగము వేరొక ద్వారము. మొదటిది చదువుతో తెరచుకొనును. రెండవదానిని లోపలివారు తెరువవలెను. ఈ సంగతిని ప్రేమ్ మాథుర్ చరిత్ర చక్కగా తెలుపును. ఆమె అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బున నేర్చి, 1947లో వాణిజ్య విమానచోదకుల లైసెన్సు పొందెను. మన దేశమున ఆ లైసెన్సు పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అయినను ఎనిమిది సంస్థలు ఆమెకు ఉద్యోగము నిరాకరించెనని చెప్పుదురు. విమానమును నడుపునది స్త్రీ యని తెలిసినచో ప్రయాణికులు భయపడుదురని వారి వాదము. తుదకు ఆమెను చేర్చుకొన్నది మన హైదరాబాదు సంస్థ. నిజాము ప్రభుత్వమును టాటా సంస్థయు కలిసి 1945లో నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆమెకు సహచోదకురాలి కొలువిచ్చెను. బేగంపేట విమానాశ్రయమును చూచిన మన పాఠకురాండ్రు ఈ సంగతి తలచుకొని గర్వింపవచ్చును. 1949లో ఆమె జాతీయ విమాన పందెమున గెలుపొందెను.

పూర్తి నిజము చెప్పవలెనన్న, అచ్చట ఆమెకు విమానముపై పూర్తి యధికారము దక్కలేదు. ఆమె ఆ సంస్థను విడిచి, 1953లో జాతీయమైన ఇండియన్ ఎయిర్‌లైన్సున చేరెను. ఆమెకు దొరకని పీఠము తరువాతివారికి దొరకెను. 1985లో కలకత్తానుండి సిల్చారునకు పోయిన ఒక విమానమున పనివారందరును స్త్రీలే. దానికి కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్. 2016 జూన్ 18న మీ జిల్లాకు దూరము కాని దుండిగల్లు అకాడమీలోనే మన వాయుసేనకు తొలి మహిళా యుద్ధవిమాన చోదకులు ముగ్గురు పట్టాలు పుచ్చుకొనిరి.

ఒక్కటి యోచింపుడు. ఆ కాలమున అడ్డు చెప్పినవారు ప్రయాణికుల భయమును చూపిరి. సరకుల విమానమున ప్రయాణికులే లేరు గదా! మూట భయపడదు, నడుపునది ఎవరని అడుగదు. ఇక మిగిలిన భయము ఇంటిలోనిదే. దానిని పోగొట్టవలసినవారము మనమే.

పరీక్ష యెట్లుండునో మీరు కూడ తెలిసికొనుట మంచిది. లైసెన్సునకు కనీసము 18 ఏండ్ల వయస్సు, 200 గంటల విమానయానము, మొదటి తరగతి వైద్యపరీక్ష కావలెను. మీ అమ్మాయి అవి దాటినది. సంస్థవారు సాధారణముగ వ్రాతపరీక్ష పెట్టి, నేలపైననే యుండి విమానమువలె నడచు సిమ్యులేటరున చేతివాటము చూచి, ముఖాముఖి ప్రశ్నింతురు. రాత్రి మబ్బులలో ఒక యంత్రము ఆగినచో ఏమి చేయుదువని అడుగుట కద్దు. అప్పుడు వారు చూచునది ధైర్యమును మాత్రమే కాదు, తొందరపడకుండుటను. తెలియనిదానిని తెలియదనుట తప్పు కాదు. తెలిసినట్లు నటించుటయే తప్పు. యానపుస్తకమున ప్రతి గంటయు నిజమై యుండవలెను. 2011లో దొంగ మార్కుల కాగితములతో లైసెన్సులు పొందిన కొందరు చోదకులు పట్టుబడి చెరసాల పాలైరి. సొమ్మిచ్చిన కొలువిప్పింతుమను మధ్యవర్తులను గడప తొక్కనీయకుడు.

ఎంపిక యైనంతనే పని మొదలు కాదు. ఆ సంస్థ నడుపు విమానమునకు తగిన ప్రత్యేక శిక్షణము పొంది, ఆ రకము పేరును లైసెన్సుపై చేర్పించుకొనవలెను. దీనికి మరల లక్షల రూపాయలగును. కావున సంతకమునకు ముందు మీరును మీ వారును కూర్చుండి ఈ ప్రశ్నలు వ్రాసికొనుడు. శిక్షణపు ఖర్చు ఎవరిది? ఆ నెలలలో జీతమున్నదా? ఎన్ని సంవత్సరములు విడిచిపోరాదని పత్రము వ్రాయించుకొందురు? మధ్యలో మానినచో ఎంత చెల్లింపవలెను? నివాసము ఏ నగరమున? రాత్రి రెండు గంటలకు విమానాశ్రయమునకు బండి ఎవరు పంపుదురు? విశ్రాంతి గంటలు చట్టప్రకారము లభించునా? ఇవి అడిగినందుకు చిన్నబుచ్చుకొను సంస్థ మంచిది కాదు.

చిన్న సంస్థల బలహీనత కూడ దాచము. 2009లో బయలుదేరిన దక్కన్ 360 అను సరకుల విమాన సంస్థ 2011లోనే ఆగిపోయెను. చిన్న సంస్థలన్నియు ఇట్లే యగునని కాదు. 2023 జనవరిలో అమెజాన్ వ్యాపారులు హైదరాబాదునుండి తమ సరకులను విమానముల పంపుట ఆరంభించినప్పుడు, బోయింగ్ 737 విమానములను నడుపుటకు పూనుకొన్నది బెంగుళూరునందలి క్విక్‌జెట్ అను చిన్న సంస్థయే. సంస్థ నిలుచునో ఆగునో ఎవరును ముందుగా చెప్పలేరు. కాని మీ అమ్మాయి ఎగిరిన గంటలు మాత్రము ఆమెవే. ఆమె నడిపిన ప్రతి రాత్రియు యానపుస్తకమున చేరును. 1,500 గంటలు నిండి, తగిన పరీక్షలు నెగ్గినచో కెప్టెనగుటకు కావలసిన పై లైసెన్సు లభించును. సంస్థ మూతపడినను ఆ పుస్తకము మూతపడదు. అప్పు తీరుటకు మార్గము అందే యున్నది.

ఇక రాత్రి సంగతి. ఆసుపత్రులలో దాదులు రాత్రులు పనిచేయుచున్నారు. పొలమునకు రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయుటకు పోయిన ఆడువారిని మీ అత్తగారు ఎరుగుదురు. రాత్రి మేల్కొనుట మన యిండ్లకు కొత్త కాదు; జీతము కొరకు మేల్కొనుటయే కొత్త. అయితే పగలు నిద్రించు పిల్లను “పొద్దెక్కినను లేవదు” అని ఎవరును నిందింపకుండ చూచుట మీ పని. నిద్ర చాలని చోదకురాలు తనకును ఇతరులకును ప్రమాదము. పెండ్లిమాట వచ్చినప్పుడు కూడ ఈ పనివేళలు వరునివారికి ముందుగా చెప్పుడు; దాచి చేసిన పెండ్లి తరువాత ఉద్యోగమునో సంసారమునో బలిగోరును.

నేనేమి చెప్పవలెనని అడిగితిరి. పరీక్షకు పొమ్మని చెప్పుడు. నెగ్గి రమ్మని మాత్రము చెప్పవలదు. ఆ బరువు తలపైనున్న బిడ్డకు చేతులు వణకును. “నెగ్గినను నెగ్గకున్నను తిన్నగా ఇంటికి రా” అని చెప్పుడు. వీలైనచో మీవారిని వెంట పంపుడు. మాటలాడని తండ్రి పరీక్షశాల వాకిట కూర్చున్నను పిల్లకు కొండంత బలము.

అత్తగారికి ఒక్క మాట మేము చెప్పితిమని చెప్పుడు. మీ మనుమరాలు మూటలు మోయదు, తల్లీ. మూటలు మోసెడు ఆ పెద్ద పక్షిని తాను మోయును. ఫలితము తెలిసిన పిమ్మట, అది ఏదైనను, మాకు వ్రాయుడు.