వ్యాయామమునకు ఎంత దూరము?

చట్టము తెలియదని చెప్పినంతమాత్రమున నేరమునుండి విముక్తి కలుగదని న్యాయశాస్త్రము చదివిన ప్రతివాడును మొదటి సంవత్సరముననే నేర్చుకొనును. ఆ సూత్రము మంచిదే. దానిని మేము కాదనము. కాని చట్టమిది యని చెప్పవలసిన మంత్రులు తలకొక రీతిగాను, దానిని నడపవలసిన పోలీసువారు జిల్లాకొక రీతిగాను చెప్పుచున్నప్పుడు, తెలియకపోవుట యను నింద ఎవరిపై మోపవలెను? కరోనా వ్యాధి ప్రబలిన 2020, 2021 సంవత్సరములలో ఇంగ్లాండునందు పుట్టిన యొక వివాదమును ఈ వారము మా పాఠకుల యెదుట నుంచుచున్నాము. ప్రశ్న చూచుటకు మిక్కిలి చిన్నది. మనుష్యుడు ఒడలికి వ్యాయామము కావలెనని యిల్లు వెడలినచో ఎంత దూరము పోవచ్చును? పది నెలలు గడచిన పిమ్మట గూడ ఆ దేశమున దీనికి నికరమైన ప్రత్యుత్తరము దొరకలేదు.

2020 మార్చి 23వ తేదీ రాత్రి ప్రధానమంత్రి బోరిస్ జాన్సను టెలివిజనులో ప్రజలకు కనబడి, ఎల్లరు నిండ్లయందే యుండవలెననియు, అవసరమగు సరకులకు, వైద్యమునకు, ఇంటినుండి చేయ వీలులేని పనికి, దినమున కొక్కసారి వ్యాయామమునకు మాత్రమే వెలికి రావచ్చుననియు చెప్పెను. మూడు దినములైన పిమ్మట, మార్చి 26వ తేదీ మధ్యాహ్నము 1 గంటకు, 1984వ సంవత్సరపు ప్రజారోగ్య చట్టము క్రింద నిబంధనలు అమలులోనికి వచ్చెను. వానిలో నేమున్నది? సమంజసమైన కారణము లేక యెవ్వరును తమ నివాసమును విడువరాదని యున్నది. సమంజసములగు కారణముల పట్టికలో, ఒంటరిగా గాని తన యింటివారితో గాని వ్యాయామము చేయుట యొకటి. అంతకుమించి యొక్క ముక్కయు లేదు. దినమున కొక్కసారి యను మాట అందు లేదు. మైలు లేదు, గంట లేదు, మోటారుబండి ప్రసక్తి లేదు. సరిహద్దున నున్న వేల్సు దేశమువారు మాత్రము దినమున కొక్కసారి యను నియమమును తమ నిబంధనలలోనే వ్రాసికొనిరి. కావున ప్రధానమంత్రి చెప్పిన మాట వేల్సునందు చట్టమైనది. ఆయన యింటి యెదుటి వీథిలో కాలేదు. ఈ నిబంధనలను కామన్సు సభ చర్చించి యామోదించినది మే నెల 4వ తేదీని. అప్పటికి వానిక్రింద జనులు జరిమానాలు కట్టుచు నెలదినములు దాటినది.

మార్చి 29వ తేదీని మంత్రి మైకేల్ గోవుగారు మఱియొక కొలత తెచ్చిరి. నడక యైనచో గంటవఱకు, పరుగైనచో అరగంట, సైకిలైనచో ఆ రెంటి నడుమ, వారి వారి దేహశక్తిననుసరించి సరిపోవునని తమకు తోచుచున్నదనిరి. తోచుటకేమి, మంత్రికి తోచవచ్చును. ఆయన తన యభిప్రాయము చెప్పెను గాని శాసనము చేయలేదు. కాని మఱునాడు పత్రికలు చదివినవాడు గంటకు మించి నడచిన శిక్ష పడునని తలచినచో వానిని తప్పుపట్టువారెవరు?

పోలీసువారి భయమునకు గూడ కారణము లేకపోలేదు. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. లాక్‌డౌనునకు ముందటి శని ఆదివారములలో, అనగా మార్చి 21, 22 తేదీలలో, వేల్సునందలి స్నోడోనియా కొండలకు జనము తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చిరి. అంతటి రద్దీని తామెన్నడును చూడలేదని యచటి యుద్యానవనాధికారులే చెప్పిరి. కొండయూళ్లలో ఆసుపత్రులు చిన్నవి. కాలు విఱిగినవానిని దింపి తెచ్చువారు స్వచ్ఛందసేవకులు. ఈ తలపుతోనే డార్బీషైరు పోలీసువారు పీక్ డిస్ట్రిక్టు కొండలమీద డ్రోనును ఎగురవేసి, అచ్చట కుక్కలతో నడచువారిని పైనుండి చిత్రించి, ఇది అనవసర ప్రయాణమని లోకమునకెల్ల చూపిరి. బక్స్‌టను సమీపమున పాతగనిలో నీలపునీటి మడుగొకటి కలదు. జనము చూడవత్తురని దానిలో నల్లరంగు కలిపిరి! సుప్రీముకోర్టు న్యాయమూర్తిగా నుండి విరమించిన లార్డు సంప్షను ఈ పనులను బహిరంగముగా గర్హించి, మంత్రులు కోరిన కోరిక వేఱు, చట్టముచేత విధింపబడిన యాజ్ఞ వేఱని, రెంటిని కలుపుట పోలీసురాజ్య లక్షణమని హెచ్చరించిరి. లాక్‌డౌను విషయమున ఆయన చెప్పిన మాటలన్నింటిని మేమంగీకరింపము. ఈ మాటను మాత్రము అక్షరాల నంగీకరింతుము.

ఏప్రిలు నడుమ పోలీసు అధికారులకొక సలహా పత్రము పంపబడెను. బండిమీద పల్లెపట్టునకు పోయి, ప్రయాణమునకు పట్టిన కాలముకంటె నడకకు మిక్కిలి యెక్కువ కాలము వినియోగించినచో సమంజసమనియు, గంటలకొలది బండి నడిపి కొంచెముసేపు కాళ్లు చాచుట సమంజసము కాదనియు అందు చెప్పబడినది. ఇందులో లోకజ్ఞానము కలదు. దూరమును మైళ్లతో కాక ఉద్దేశముతో కొలచిన కొలత యిది. కాని పౌరునకు ముందే చాటవలసిన యర్థమును మూడు వారములు జరిగిన తరువాత కానిస్టేబులునకు చెప్పిన లాభమేమి? పోలీసులకే చట్టము తెలియలేదనుటకు మే నెలలో సాక్ష్యము బయటపడెను. ప్రాసిక్యూషను శాఖవారు తమ కేసులను తిరుగ పరీక్షించి చూడగా, కొత్తగా చేయబడిన కరోనా చట్టము క్రింద పెట్టిన 44 కేసులును, అన్నియు, తప్పుగా పెట్టబడినవే యని తేలెను. నిబంధనల క్రింది కేసులలో కొన్నింట వేల్సు నియమమును ఇంగ్లాండులోను, ఇంగ్లాండు నియమమును వేల్సులోను ప్రయోగించిరట.

ఇతర దేశములు సంఖ్యను వ్రాసికొనినవి. ఫ్రాన్సునందు 2020 మార్చి చివరినుండి ఇంటికి 1 కిలోమీటరులోపల, దినమునకు 1 గంట. జేబులో సంతకముచేసిన పత్రముండవలెను. లేనిచో 135 యూరోలు. నవంబరు చివర అది 20 కిలోమీటర్లు, 3 గంటలైనది. ఐర్లండునందు మొదట 2 కిలోమీటర్లు, మే 5వ తేదీనుండి 5, జూను 8వ తేదీనుండి 20. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమున ఆగస్టు నెలలో 5 కిలోమీటర్లు, 1 గంట. ఈ సంఖ్యలను మేము పొగడుట లేదు. పటముమీద వృత్తలేఖిని ముల్లుగ్రుచ్చి గీచిన వలయము ధనికునకును పేదకును సమానముగా కనబడును గాని సమానము కాదు. ఒకని వలయములో నదీతీరమును తోటలును ఉండును; మఱియొకని వలయములో కర్మాగారపు గోడలును రాచబాటయు తప్ప మఱేమియు నుండదు. పదియవ అంతస్తులో రెండు గదులలో పిల్లలతోనున్న తల్లికి కిలోమీటరు లోపల పచ్చగడ్డి లేకపోవచ్చును. అయినను ఆ తల్లికి హద్దెచ్చటనో తెలియును. తెలిసినది కాబట్టి అది యన్యాయమని పత్రికకు వ్రాయవచ్చును, శాసనసభ్యుని నిలదీయవచ్చును, న్యాయస్థానమున సవాలు చేయవచ్చును. ఫ్రాన్సులో కిలోమీటరు ఇరువది కిలోమీటర్లగుటకు అది యొక సంఖ్యగా కాగితముపై నుండుట కొంత కారణమని మా తలంపు. కనబడని గోడను పడగొట్టుడని యెవరిని అడుగుదుము?

2021 జనవరిలో ఇంగ్లాండున మూడవ లాక్‌డౌను వచ్చెను. పది నెలల యనుభవము తరువాతనైనను మాట స్పష్టమగునని యెవరైన ఆశించియున్నచో వారు నిరాశ చెందిరి. ప్రభుత్వపు సలహా పత్రమున, వ్యాయామము దినమున కొకసారి, స్వంత ప్రాంతమును దాటరాదు, అని యుండెను. ప్రాంతమనగా గ్రామమట, పట్టణమట, లేక నగరములో తాముండు భాగమట. నిబంధనలలో ఈ రెండు నియమములును లేవు. ఆ మొదటివారముననే ఇద్దఱు స్త్రీలు తమ యిండ్లనుండి సుమారు 5 మైళ్లు, అనగా 8 కిలోమీటర్లు, వేర్వేఱు బండ్లలో పోయి యొక జలాశయపు గట్టున నడచుచుండగా, డార్బీషైరు పోలీసువారు వారిని చుట్టుముట్టి, తలకు 200 పౌండ్లు జరిమానా వ్రాసిరి. వారి చేతులలోని కాఫీ పాత్రలు వనభోజనముతో సమానమని చెప్పిరట! దేశమెల్ల గగ్గోలు పుట్టగా, పోలీసు అధిపతుల జాతీయ మండలివారు సలహా పత్రము నాధారముచేసికొని జరిమానా వేయరాదని స్పష్టపఱచిరి. జరిమానాలు రద్దై, ఆ స్త్రీలకు క్షమాపణ చెప్పబడెను.

అదే వారాంతమున ప్రధానమంత్రి తన నివాసమునకు 7 మైళ్ల దూరమున తూర్పు లండనులోని ఒలింపిక్ పార్కులో సైకిలు త్రొక్కుచు కనబడెను. ఆయన నేరము చేయలేదు. మేము పైన చెప్పిన నిబంధనల ప్రకారము ఆ స్త్రీలెంత నిరపరాధులో ఆయనయు నంతే నిరపరాధి. కాని 5 మైళ్లు పోయినవారికి నోటీసు, 7 మైళ్లు పోయినవారికి సమర్థన! ఆరోగ్యమంత్రి హాన్‌కాకు, దీర్ఘముగా నడచుచు ఏడు మైళ్ల దూరమునకు చేరినను ఫరవాలేదనిరి, అయినను దగ్గఱనే యుండుడనిరి. పోలీసు మంత్రి మాల్ట్‌హౌసు, స్వశక్తితో చేరగలిగినచో సమంజసమే యనిరి. లండను పోలీసు కమిషనరు క్రెసిడా డిక్, ఇంటి గుమ్మమునుండి బయలుదేఱి ఇంటి గుమ్మమునకు తిరిగి వచ్చుట తమ దృష్టిలో సమంజసమైన యర్థమనిరి. ఇట్లు రెండు దినములలో ముగ్గురు అధికారులు మూడు కొలతలిచ్చిరి. నాలుగవదియగు శాసనము మౌనముగా నుండెను.

ఇక్కడ మా మిత్రులు కొందఱు కోపింతురు. మనుష్యులు ఊపిరాడక చనిపోవుచున్న కాలమున ఈ వకీలు తర్కమేల, చెప్పినట్లు విని యింటనుండరాదా యని యడుగుదురు. ఇంటనుండుటయే ధర్మమని మేమును చెప్పుదుము. వ్యాధికాలమున చట్టము కోరినదానికంటె నెక్కువ నియమమును స్వచ్ఛందముగా పాటించినవాడు ఉత్తమ పౌరుడు. ప్రభుత్వము దానిని కోరవచ్చును, బతిమాలవచ్చును, ప్రతి గోడమీద వ్రాయవచ్చును. కాని కోరికగా కోరుటకు ధైర్యము లేక, శాసనముగా వ్రాయుటకు ధైర్యము లేక, కోరికకు శాసనపు వేషము వేసి వీథిలోనికి పంపుట మాత్రము కూడదు. అట్లు చేసినప్పుడు మోసపోవువాడు తుంటరి కాదు. తుంటరి చట్టమునే లెక్కచేయడు, సలహాను చేయునా? సాధువైన వృద్ధుడు గంట దాటునేమో యని గడియారము చూచుకొనుచు సగము త్రోవలో తిరిగివచ్చును. చట్టము చదువగలవాడు, వకీలు మిత్రుడు గలవాడు, నిర్భయముగా కొండకు పోవును. చదువురానివాడు కిటికీవద్ద కూర్చుండును.

జరిమానా నోటీసు సంగతియు ఆలోచింపదగినది. దానిపై అప్పీలు లేదు. చెల్లింపనని నిరాకరించి, నేరారోపణ తెచ్చుకొని, మేజిస్ట్రేటు నెదుట నిలిచిననే గాని తాను నిర్దోషినని చెప్పుకొనుటకు వీలులేదు. పదునాలుగు దినములలో కట్టినచో సగము తగ్గింపు. కూలిపని చేయువాడు, వీసామీద నివసించు పరదేశీయుడు, చదువునకై పోయిన మన తెలుగు విద్యార్థి, కోర్టు పేరు వినగానే వెఱచి, తప్పు చేయకయే సగము సొమ్ము కట్టివేయును. ఆ జలాశయపు స్త్రీల కథ పత్రికలకెక్కినది గనుక సొమ్ము కట్టనక్కఱ లేకపోయినది. పత్రికలకెక్కనివారి మాట యేమి? పార్లమెంటులోని మానవహక్కుల సంయుక్త సంఘమువారు 2021 ఏప్రిలులో ఈ లోపమునే యెత్తిచూపి, జరిమానాలన్నింటిని తిరుగ పరీక్షింపవలెనని కోరిరి.

మనదేశమునకు వచ్చిచూచినచో, 2020 మార్చి 25వ తేదీనుండి అమలైన లాక్‌డౌనులో ఉదయపు నడకకు మినహాయింపే వ్రాయబడలేదు. తెలంగాణమున సరకులకై పోవువారు 3 కిలోమీటర్లు దాటరాదని పోలీసువారు ప్రకటించిరి. నడకకెంతయో చెప్పినవారు లేరు. పలుచోట్ల వీథిలోనికి వచ్చినవారిచేత నడిబాటను గుంజీలు తీయించిరి గనుక, వ్యాయామపు లోటును పోలీసువారే తీర్చిరనుకొనవలెను! ఏ చట్టములోను గుంజీల శిక్ష లేదు. 144వ సెక్షను క్రింద ఉత్తరువు చేయు మేజిస్ట్రేటు సయితము కారణములతో వ్రాతమూలకముగా చేయవలెనని క్రిమినలు ప్రొసీజరు కోడు విధించినది. 2024 జూలైనుండి ఆ కోడు మాఱి సెక్షను సంఖ్య 163 ఐనను ఆ నియమము మాఱలేదు.

మఱల నెప్పుడైన ఇట్టి వ్యాధి వచ్చినచో మన ప్రభుత్వములు రెండు కాగితములు వేఱువేఱుగా అచ్చువేయింపవలెనని మేము కోరుచున్నాము. ఒకదానిపై ఉత్తరువు, రెండవదానిపై సలహా. ఉత్తరువు కాగితమున సెక్షనును, సంతకమును, ముగియు తేదియు నుండవలెను. దూరము విధింపదలచినచో ఆ సంఖ్యయు నందే యుండవలెను. సలహా కాగితమున శిక్ష మాట ఉండరాదు. రెండును తెలుగున నుండి, మండల కార్యాలయపు గోడమీదను, ఠాణా గుమ్మమువద్దను, ప్రతి పఠనమందిరములోను అంటింపబడవలెను. ఉత్తరువు కాగితములో లేని నేరమునకు నోటీసు వ్రాసిన యుద్యోగి, ఆ సొమ్ము తన జీతములోనుండి తిరిగి చెల్లింపవలెను.