శనక్కాయ చేనుకూ సముద్రానికీ

అనంతపురంలో శనక్కాయ విత్తాలా, ఆగాలా అని మబ్బు చూసే రైతుకు సముద్రంతో పనేమిటి? ఉంది. జిల్లాకు ఏడాదికి దక్కే వానే 550 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. ఆ కాస్తా హిందూ మహాసముద్రం పెట్టిన భిక్షే. వాన రాకను అంచనా కట్టాలంటే ఆ సముద్రాన్ని కొలవాలి. అక్కడ ఆర్గో అనే తేలే పరికరాలు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లదాకా దిగి, పైకి తేలుతూ నీటి వేడిమి, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి చెబుతాయి. మన దేశం వదిలినవాటి లెక్క చూసేది 1999లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. అదీ తీరానికి ఎంతో దూరాన, హైదరాబాదులో! అదే సముద్రంలో లంగరేసి నిలిపి కొలతలు తీసే, 2004లో మొదలైన రామా బోయల వరుసకైతే పలు దేశాలు ఓడలు పంచుకోవాలి; సోమాలియా దొంగల భయానికి పడమటివైపు కొన్నేళ్లు పని సాగలేదు. పరికరం చేయడంకన్నా పొత్తు నిలపడమే కష్టమని నాకనిపిస్తుంది. ఈ సంచికలో ఎక్కువ పుటలు ఆ పొత్తుకే ఇచ్చాం.